రిటైర్డ్ కంట్రోలర్‌కు వారంటీ లేదు

ఇబ్రహీంపట్నం,
11 జులై 2007

కోఠిలోని వల్లభ ఎలక్ట్రానిక్స్ సేవా విభాగం వారికి,

నమస్కారాలు. మీ దుకాణానికి చాలాసార్లు ఫోన్ చేశాను. ఒక ఆడమనిషి గొంతు ఇంగ్లీషులో ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని చెబుతూ పోయింది. నేను నొక్కుతూ పోయాను. చివరికి పాట వచ్చింది. పాట వినడానికి ఫోన్ చేసినవాణ్ణి కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరం కనుక పుస్తకాల తెలుగులోనే రాస్తాను. కోపం ఎక్కువైనచోట ఇంటి భాష వస్తే సర్దుకోండి.

మా అబ్బాయి మహేశ్వర్ శేరిగూడలో ఇంజనీరింగ్ కాలేజీల దగ్గర వీడియో గేముల దుకాణం నడిపేవాడు. కిందటేడు దీపావళి తర్వాత హయత్‌నగర్ నుంచి బండి మీద వస్తుంటే, రింగ్ రోడ్డు పనికి మొరం మోసే టిప్పర్ ఒకటి గుద్దింది. మెడ దగ్గర నరాలు దెబ్బతిన్నాయి. మాట ఉంది, చూపు ఉంది, తెలివి మస్తుగా ఉంది. మెడ కింద స్పర్శ లేదు. దుకాణం ఎత్తేశాం. మంచి సామాను ఎవరెవరో పట్టుకుపోయారు. మిగిలిన ఒక్క గేమ్ డబ్బాను, రెండు పాత రిమోట్లను ఇంటికి తెచ్చి మంచం ముందు టీవీకి పెట్టాం.

రోజూ మధ్యాహ్నం అన్నాలు తిన్నాక నేనూ వాడూ కార్ల పందెం ఆడతాం. వాడి ఎడమ చెయ్యి రిమోట్ మీద పెట్టి, జారిపోకుండా నా చేత్తో పట్టుకుంటాను. వాడు నోటితో ఎటు అంటే నేను అటు నొక్కుతాను. ఎండాకాలంలో ఒకనాడు మా కారు గోడకు కొట్టుకుంది. "అదిరింది బాపు" అన్నాడు. కారుకు దెబ్బ తగిలితే చేతిలో రిమోట్ అదురుతుంది కదా, ఆ అదురు వాడి అరచేతికి తెలిసిందన్నమాట. ఆ రోజు నా భార్య రేణుకమ్మ వాడకట్టంతా చక్కెర పంచింది. తర్వాత రోజూ అనేవాడు. దవాఖానలో డాక్టర్ ఆ మాట విని, ఆ చేతిని వదలకండి అన్నాడు. దసరా తర్వాత చూస్తాడట. చెయ్యి జవాబిస్తే పెద్ద ఆసుపత్రిలో వైద్యానికి రాసిస్తాడు. జవాబివ్వకపోతే ఇక మంచం మీదే చూసుకోవాలి.

పోయిన నెల డబ్బా చెడిపోయింది. రేణుకమ్మ అన్న కొడుకు రమాకాంత్ దాన్ని మీ దుకాణంలో మార్పిడికి ఇచ్చి కొత్త తరం డబ్బా తెచ్చాడు. పాతవన్నీ ఇందులో పనిచేస్తాయని మీవాళ్లు చెప్పారట. పాత ఆట సీడీ బిళ్ల ఆడుతోంది, కాదనను. పాత రిమోట్ పిన్ను మాత్రం కొత్త డబ్బాకు ఎక్కడా పట్టదు. మీరిచ్చిన కొత్త రిమోట్ సంగతి చెప్పాలంటే, కారు లోయలో పడ్డా అది ఉలకదు పలకదు. "ఏం తెలుస్తలేదు బాపు" అంటున్నాడు మహేశ్వర్. అదిరే రిమోట్ పనిచేసేటట్టు చేయగలరని ప్రార్థన.

ఇట్లు,
కె. అంజిలయ్య,
కంట్రోలర్ (రిటైర్డ్)

తా.క.: రమాకాంత్‌ను అడిగితే "తరం మారింది మామా" అంటున్నాడు. తరం మారితే పిన్ను ఎందుకు మారాలో అడిగితే ఫోన్ వచ్చిందని బయటికి పోయాడు.

*

వల్లభ ఎలక్ట్రానిక్స్, కోఠి,
20 జులై 2007

గౌరవనీయ ఖాతాదారులు శ్రీ అంజిలయ్య గారికి,

మీ ఉత్తరం అందింది. మమ్మల్ని సంప్రదించినందుకు మా సంస్థ ఆనందిస్తోంది.

మీరు రిమోట్ అదరడం లేదని ఫిర్యాదు చేశారు. రిమోట్లు టీవీ విభాగానికి చెందినవి. అవి అదరకపోవడమే మంచి లక్షణమని ఆ విభాగం వారు తెలియజేశారు. ఇక మీ ఉత్తరం చివర పేర్కొన్న రిటైర్డ్ కంట్రోలర్ గురించి మా సంస్థ నిబంధనలు ఈ విధంగా ఉన్నాయి.

పాత తరం కంట్రోలర్ కొత్త తరంతో కలిసి పనిచేయదు. ఇది లోపం కాదు, దాని స్వభావం. రిటైరైన కంట్రోలర్‌కు వారంటీ వర్తించదు. అయినా మరమ్మతుకు వీలుందేమో చూడడానికి కింది వివరాలు రాసి పంపండి. కంట్రోలర్ ఏ సంవత్సరంలో, ఎక్కడ తయారైంది? ఎప్పుడైనా పైనుంచి కింద పడిందా? లోపలికి నీళ్లు గానీ చల్లని పానీయాలు గానీ పోయాయా? బొత్తాలు అన్నీ ఉన్నాయా? తీగ ఉన్న రకమా, లేని రకమా? వణుకు ఉందా, ఆగిపోయిందా?

ఇంట్లో ఊరికే అడ్డంగా పడి ఉంది అనుకుంటే మాకు పంపండి. తుక్కు కింద తీసుకుంటాం.

ఎప్పటికీ మీ సేవలో,
బి. స్వరాజ్యం,
ఉత్తరాల గుమస్తా

తా.క.: కంట్రోలర్‌ను పంపేటప్పుడు బుడగల కాగితంలో గట్టిగా చుట్టి, పైన 'నెమ్మదిగా దించండి' అని రాయండి. పోయినసారి ఒకరు గోనెసంచిలో కుక్కి పంపారు. తెరిచేసరికి ప్రాణం లేదు.

*

ఇబ్రహీంపట్నం,
28 జులై 2007

స్వరాజ్యం మేడం గారికి,

నమస్కారం పెట్టాలా వద్దా అని ఆలోచించి, చివరికి పెడుతున్నాను.

నేను ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యాను. ఏ బస్సు ఎప్పుడు కదలాలో బస్టాండులో నిలబడి చెప్పే ఉద్యోగం. హయత్‌నగర్‌లో నేను ఈల ఊదనిదే విజయవాడ బస్సు కూడా కదిలేది కాదు. మంత్రిగారి బావమరిది ఎక్కి కూర్చున్నా కదిలేది కాదు. అటువంటి మనిషిని మీరు తుక్కు కింద తీసుకుంటామన్నారు. ఆర్టీసీ వాళ్లు కూడా నన్ను దండ వేసి, శాలువా కప్పి పంపారు గానీ తూకం వేయలేదు.

అడిగారు కాబట్టి జవాబులు రాస్తున్నాను. ప్రభుత్వ ఉద్యోగం చేసినవాణ్ణి, అడిగినదానికి జవాబు ఇవ్వకుండా ఉండలేను. తయారైంది 1948లో, మంగల్‌పల్లిలో, మా అమ్మమ్మ ఇంట్లో. కింద పడింది ఒక్కసారి, యాచారం బస్సు ఫుట్‌బోర్డు మీదినుంచి. అది డ్రైవర్ తప్పని ఎంక్వయిరీలో తేలింది. లోపలికి నీళ్లు పోతాయి, చల్లని పానీయాలు పోవు, కల్లు ఎప్పుడైనా పోతుంది. బొత్తాల్లో పైది ఊడింది. తీగ లేదు, మొలతాడు ఉంది. వణుకు సంగతి మీకెవరు చెప్పారో గానీ నిజమే, చెయ్యి కొంచెం వణికేది. మహేశ్వర్‌ను చూపించడానికి పోతే డాక్టర్ వాడిని వదిలి నన్ను చూసి గోలీలు రాశాడు. పూటపూటకూ మింగుతున్నాను. ఆగిపోయింది. మీ సంస్థ ఆనందించవచ్చు.

పాత తరం కొత్త తరంతో కలిసి పనిచేయదు, అది దాని స్వభావం అని కూడా రాశారు. నా కొడుకు నోరు, నా చెయ్యి కలిసి రోజూ ఒక కారును నడుపుతున్నాయి. ఇంకెట్ల కలిసి పనిచేస్తరు మేడం? గంతకన్న కలవాల్నంటే ఇగ ఒకటే మంచంల పండాలె.

నేను అడిగింది ఒక్కటే. నా కొడుకు చేతికి తెలిసింది ఆ అదురు ఒక్కటే. మీ కొత్త డబ్బా వచ్చినప్పటినుంచి అది కూడా పోయింది. దసరా ఎంతో దూరం లేదు. డాక్టర్ చెయ్యి పట్టుకుని అడిగిననాడు వాడు ఏమీ తెలుస్తలేదంటే మాకు ఇంకో తలుపు లేదు. దయచేసి అదిరే రిమోట్ సంగతి చూడండి, నా సంగతి వదిలేయండి.

ఇట్లు,
కె. అంజిలయ్య,
కంట్రోలర్ (రిటైర్డ్, తుక్కు కాదు)

తా.క.: మీ ఉత్తరం రేణుకమ్మకు చదివి వినిపించాను. "తీసుకపోతమంటే ఇచ్చెయ్యి. బుడగల కాయితం వాళ్లనే తెచ్చుకొమ్మను" అంది.

ఇంకొక తా.క.: ఆ ఉత్తరం సోమయ్యకు కూడా చూపించాను. అతను రిటైర్డ్ కంట్రోలర్ల సంఘానికి కార్యదర్శి. రిటైరయ్యాక అతనికి ఏ పనీ లేదు. ఇక ముందు జరిగేది నా చేతుల్లో లేదు.

*

కోఠి,
9 ఆగస్టు 2007

పెద్దలు అంజిలయ్య గారికి,

స్వరాజ్యం చేతులు జోడించి రాస్తున్నది. ఇది సంస్థ ఉత్తరం కాదు, నాది. అచ్చు కాగితం మీద కాకుండా తెల్లకాగితం మీద రాయడం అందుకే.

మీరు రిమోట్ అనే వస్తువును మా వ్యాపారంలో కంట్రోలర్ అంటారు. ఆటను కంట్రోల్ చేసేది అని. మా యజమాని ఇంగ్లీషులో ప్రశ్నల కాగితం ఇచ్చాడు, నేను తెలుగు చేశాను. నేను బడంగ్‌పేట్ నుంచి రోజూ ఆర్టీసీ బస్సులో వచ్చేదాన్ని. ఈల ఊదే కంట్రోలర్ గారు నాకు తెలియక కాదు. మీ సంతకం దగ్గర ఆయన కనిపిస్తారని అనుకోలేదు. తెలిశాక మాత్రం ఆ మొలతాడు జవాబు చదివి నేను బల్ల కింద తల పెట్టి నవ్వాను. మహేశ్వర్ గురించి మళ్లీ చదివాక నవ్వు రాలేదు.

మీ సోమయ్య గారు వచ్చారు. పెద్దమనుషులు కొందరు మా దుకాణం మెట్ల మీద కూర్చుని ఈలలు ఊదారు. చేతిలో అట్టముక్క: 'పాత కంట్రోలర్లను కొత్త తరం గౌరవించాలి.' దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ పిల్లలు అటే పోతూ చదివి, ఇది మా సమస్యే అని వాళ్లూ కూర్చున్నారు. వాళ్ల ఇళ్లల్లో కూడా పాత కంట్రోలర్లు కొత్త డబ్బాలకు పట్టక మూల పడి ఉన్నాయట. "ఒక్కో తరానికి ఒక్కో పిన్ను పెడితే మేమెట్ల బతకాలె?" అని ఒక అబ్బాయి మాట్లాడాడు. సోమయ్య గారికి ఏమీ అర్థం కాలేదు గానీ, ఇంత చిన్నవాళ్లకు ఆర్టీసీ మీద ఇంత ప్రేమ ఉందని కళ్ల నీళ్లు పెట్టుకున్నారు. మా యజమాని అందరికీ చాయ్ తాగించి పంపాడు.

ఇక అసలు సంగతి. కొత్త డబ్బాతో వచ్చిన కంట్రోలర్‌లో అదురు లేదు. చెడిపోవడం కాదు, కంపెనీ వాళ్లు ఈ తరంలో పెట్టనే లేదు. పాత కంట్రోలర్‌ను కొత్త డబ్బాకు తగిలించడానికి కన్వర్టర్ అని ఒక చిన్న తీగముక్క వస్తుంది. ఒక పక్క పాత పిన్ను పడుతుంది, రెండో పక్క కొత్త డబ్బాకు పడుతుంది. దీంతో పాటు పంపిస్తున్నాను. బొత్తాలు పనిచేస్తాయి. అదురు మాత్రం ఈ తీగలోంచి అవతలికి పోదని మా మెకానిక్ భిక్షం అన్న చెప్పాడు. అయినా పెట్టి చూడండి. ఒక్కోసారి కంపెనీ చెప్పనిది కూడా జరుగుతుంది.

ఇట్లు,
మీ కూతురు లాంటిది,
స్వరాజ్యం

తా.క.: కల్లు సంగతి మా సంస్థ రికార్డుల్లోకి ఎక్కింది. 'లోపలికి ద్రవం పోయింది' అని రాసి ఉంది. ఇక మీకు ఈ జన్మలో వారంటీ రాదు.

*

ఇబ్రహీంపట్నం,
2 సెప్టెంబరు 2007

అమ్మా స్వరాజ్యం,

నీకు అంజిలయ్య దీవెనలు. ఇక మేడం అనలేను, కూతురు అన్నావు కదా.

నీ తీగముక్క అందింది. పాత రిమోట్ తగిలింది. వేగం నొక్కితే బ్రేకు పడింది, బ్రేకు నొక్కితే కారు వెనక్కి పోయింది. బొత్తాలన్నీ తలకిందులు. సర్వీసంతా బస్సులు తిప్పినవాణ్ణి, అలవాటు చేసుకున్నాను. మహేశ్వర్ 'కుడికి' అంటే కుడికి పోతున్నాం, పందెంలో రెండో స్థానం కూడా వచ్చింది. అదురు మాత్రం రాలేదు. భిక్షం చెప్పింది నిజమే. కంపెనీ చెప్పనిది ఏమీ జరగలేదు.

గోడకు కావాలని కొట్టించాను బిడ్డా. ఒకసారి కాదు. కారు ముందు భాగం చప్పిడి అయ్యేదాకా కొట్టించాను. "తెలిసిందా?" అంటే లేదన్నాడు. మళ్లీ కొట్టించాను. చివరికి వాడే "టీవీ బంద్ చెయ్యి బాపు, బిళ్ల అరుగుతది" అన్నాడు. మర్నాడు ఆడదామంటే నిద్ర వస్తుందన్నాడు. ఇప్పుడు మధ్యాహ్నమైతే కళ్లు మూసుకుంటాడు. నిద్ర కాదు, నాకు తెలుసు. రెప్పలు కదులుతుంటాయి. రేణుకమ్మ ఆ గదిలోకి అన్నం గిన్నెతో పోతుంది, వస్తుంది.

కొత్త తరంలో అదురు తీసేశారని రాశావు. ఎందుకు తీసేశారమ్మా? ఎవరికి అడ్డం వచ్చింది? ఇక్కడ మా ఊరి చుట్టూ చూస్తే అన్నీ కొత్తవే. జొన్న పెరిగినచోట ప్లాట్ల జెండాలు. నాకేమీ ఏడుపు లేదు, రానీ. కానీ ఉన్నదాంట్లో పనికొచ్చేది ఒక్కటి ఉంటే, దాన్ని తీసేసి కొత్తది అంటారా? కోపం వస్తున్నది. గీడికి ఆపుత.

నాకు కొత్త డబ్బా వద్దు. నా పాత డబ్బా మీ గోదాములో ఉంటే బాగుచేయించి వాపసు ఇప్పించు. పాత రిమోట్లు రెండూ కోఠి పోయే బస్సు డ్రైవర్ చేతికి ఇచ్చి పంపిస్తున్నాను. వాటిలో అదురు బలంగా ఉండేటట్టు భిక్షంతో చేయించు. గట్టిగా చేయమను, చెయ్యి ఎగిరిపడేటట్టు చేయమను. దసరా తర్వాత డాక్టర్ దగ్గరికి పోవాలి. అప్పటికి వాడు ఒక్కసారి 'అదిరింది బాపు' అంటే చాలు.

ఇట్లు,
అంజిలయ్య

తా.క.: బుడగల కాగితం ఇబ్రహీంపట్నంలో దొరకలేదు. రేణుకమ్మ తన చీరలో చుట్టి ఇచ్చింది. చీర వాపసు పంపాలట. రిమోట్లు రాకున్నా సరే, చీర రావాలట.

*

కోఠి,
8 అక్టోబరు 2007

బాపు అంజిలయ్య గారికి,

స్వరాజ్యం దండాలు. చీర ఉతికి, ఇస్త్రీ చేయించి పంపిస్తున్నాను. అమ్మకు చెప్పండి, అంచు చాలా బాగుంది.

ఈ ఉత్తరం రాయడానికి ఇన్నాళ్లు పట్టింది. సగం రాసి చించేశాను. మా యజమాని, కొత్త తరంలో కూడా అదిరే కంట్రోలర్ త్వరలో వస్తుందట, ఆగమని రాసెయ్యి, సరిపోతుంది అన్నాడు. సరిపోదని నాకు తెలుసు. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మీ పాత డబ్బా దొరికింది. భిక్షం అన్న దానికి కరెంటు వచ్చేటట్టు చేశాడు. మీ పాత కంట్రోలర్ తగిలించి, మీరు ఆడే ఆటే పెట్టి, కారును గోడకు కొట్టించాడు. అదరలేదు. రెండోది తగిలించినా అదరలేదు. మోటారు కాలిపోయిందేమో, కొత్తది వేద్దామని విప్పాడు. బాపూ, లోపల మోటారు లేదు. కాలిపోలేదు, అసలు పెట్టనే లేదు. రెండూ నకిలీ సామాను. మోటారు ఉండాల్సినచోట బరువు కోసం ఇనుప ముక్కలు అంటించి ఉన్నాయి. అవి తయారైన రోజునుంచి ఏనాడూ అదిరి ఉండవు.

మరి మహేశ్వర్ రోజూ అదిరింది అన్నది ఏమిటని భిక్షం అన్న, నేను చాలాసేపు కూర్చుని ఆలోచించాం. నాకు తోచింది రాస్తాను, తప్పయితే తిట్టండి. ఈ కాలం పిల్లలు ఏదైనా బాగుంటే 'అదిరింది' అంటారు. భోజనం అదిరింది, చొక్కా అదిరింది, అట్లా. కారు గోడకు కొట్టుకున్నది చూసి మహేశ్వర్ కూడా అట్లాగే అని ఉంటాడు. మీరు చేతికి తెలిసిందనుకుని సంబరపడ్డారు. అమ్మ చక్కెర పంచింది. ఇక ఆ తర్వాత కాదని ఎట్లా చెబుతాడు? మీ కోసం రోజూ అని ఉంటాడు. కొత్త డబ్బా వచ్చాక, తప్పు దాని మీదికి పోతుంది కదా, ఇక అబద్ధం ఆడే అవసరం తీరిందని ఆపేసి ఉంటాడు.

మా అమ్మకు చూపు పోయినప్పుడు మూడు నెలలు నాకు చెప్పలేదు. నేను ఏ చీర కట్టుకున్నా బాగుందనేది. కట్టుకోని రోజు కూడా, అంటే పంజాబీ డ్రెస్సు వేసుకున్న రోజు కూడా, చీర బాగుందంది. అట్లా తెలిసింది నాకు. అందుకే ఇది నాకు తోచింది. వాడిని ఏమీ అనకండి బాపూ. మీ మీద ప్రేమతోనే అని ఉంటాడు.

డబ్బాను, కంట్రోలర్లను కూడా పంపిస్తున్నాను. అదిరే మోటారు ఒక దాంట్లో వేయించాను. కావాలంటే వాడండి.

ఇట్లు,
స్వరాజ్యం

తా.క.: భిక్షం అన్న ఇంకోమాట రాయమన్నాడు. లోపల ఇనుముతో పాటు ఎండిన చాయ్ కూడా దొరికిందట. ఈసారి ద్రవం పోయింది మీలోకి కాదు.

*

ఇబ్రహీంపట్నం,
4 నవంబరు 2007

బిడ్డా స్వరాజ్యం,

బాపు దీవెనలు. నీ ఉత్తరం చదివి మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇంట్లో ఎవరికీ చదివి వినిపించలేదు. అదిరే మోటారు వేసి పంపావు కదా, ఆ రిమోట్‌ను అట్టపెట్టెలోంచి బయటికి కూడా తీయలేదు. వాడు మళ్లీ నా కోసం అబద్ధం ఆడితే వినే శక్తి నాకు లేకపోయింది. వాడి ముఖం చూడడం మానేశాను. అన్నీ తెలిసిన కొడుకు, ఏమీ తెలియని తండ్రి, ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం. ఎండాకాలమంతా వాడు అబద్ధం ఆడి నన్ను బతికించాడనుకున్నాను.

దసరా తర్వాత రమాకాంత్ కారు తెచ్చాడు. పొద్దున్నే దవాఖానకు పోయాం. ఆ తొందరలో రేణుకమ్మ నా గోలీల సంచి ఇంట్లో మర్చిపోయింది. దారి పొడుగునా నన్నే తిట్టింది.

డాక్టర్ వాడి కళ్లకు తువ్వాల కట్టి సూది గుచ్చాడు. అరచేతిలో, వేళ్లలో, మణికట్టు మీద. "తెలుస్తుందా?" అంటే "లేదు సార్." "ఇక్కడ?" "లేదు సార్." ఎంత మర్యాదగా చెప్పాడో బిడ్డా, తప్పు తనదైనట్టు. డాక్టర్ సూది పక్కన పెట్టి, నన్ను చూసి తల అడ్డంగా తిప్పాడు. ఇక ఇంట్లోనే మంచిగా చూసుకోండి అన్నాడు. రేణుకమ్మ గోడకు ఆనుకుంది.

నేను పోయి వాడి ఎడమ చెయ్యి పట్టుకున్నాను. పట్టుకున్నట్టు వాడికి చెప్పలేదు. కళ్లకు తువ్వాల అట్లాగే ఉంది వాడికి. ఉన్నట్టుండి "అదురుతుంది బాపు" అన్నాడు. "రిమోట్ దవాఖానకు కూడ తెచ్చినవా?"

రిమోట్ లేదు. నా చెయ్యే.

గోలీ పడక పొద్దుటినుంచి వణుకుతూనే ఉంది. దుఃఖానికి ఇంకా ఎక్కువైంది. డాక్టర్ ఉరికొచ్చాడు. నన్ను చెయ్యి తీయమన్నాడు, పెట్టమన్నాడు, చెప్పకుండా తీయమన్నాడు. ప్రతిసారీ మహేశ్వర్ సరిగ్గా చెప్పాడు. ఒక్కటి తప్పలేదు. తర్వాత డాక్టర్ చిన్న ఇనుప కవ్వం లాంటిది తెచ్చి, బల్లకు కొట్టి, అది జుమ్మని మోగుతుండగా వాడి ఎముక మీద పెట్టాడు. "తెలుస్తుంది సార్. బాపుదే ఇంకా మంచిగ తెలుస్తుంది" అన్నాడు. సూది తెలిసే దారి వేరు, అదురు తెలిసే దారి వేరట. ఒక దారి మూసుకుపోయినా రెండోది కొంచెం తెరిచి ఉందట. పెద్ద ఆసుపత్రికి కాగితం రాసి ఇచ్చాడు. లేచి తిరుగుతాడని చెప్పలేదు, అబద్ధం ఎందుకు. వైద్యం మొదలుపెట్టడానికి ఒక చోటు ఉందన్నాడు.

గోలీలు ఎప్పుడు మొదలుపెట్టారని నన్ను అడిగాడు. లెక్క చూస్తే రమాకాంత్ కొత్త డబ్బా తెచ్చిన వారమే. ఆటలో కారు గోడ మీదికి పోతుంటే నాకు ఆదుర్దా, ఆదుర్దాకు చెయ్యి మరీ వణికేది. రిమోటే అదురుతోందని నేనూ అనుకున్నాను. గోలీ మింగి నేను ఆపేసిన దాన్ని పట్టుకుని కొత్త తరాన్ని అంతా తిట్టాను. మీ కంపెనీవాళ్లకు నా తరఫున క్షమాపణ చెప్పు. పాత తరం కొత్త తరంతో పనిచేయదన్న మాట మాత్రం మీ నిబంధనల్లోంచి కొట్టేయించు.

ఇంటికి వచ్చాక "అబద్ధం అనుకున్న బిడ్డా" అని వాడికి చెప్పేశాను. "నేనెందుకు అబద్ధమాడుత బాపు? అదిరింది, అదిరింది అన్న. ఏది అదిరిందో నాకేం తెలుసు" అన్నాడు. మళ్లీ మధ్యాహ్నం ఆట మొదలైంది. రేణుకమ్మ గుమ్మంలో కూర్చుని చూస్తుంది.

నీకు ఒక్కదానికే చెబుతున్నాను. పొద్దుటి గోలీ, రాత్రి గోలీ మింగుతున్నాను. మధ్యాహ్నం గోలీ నాలుక కింద పెట్టుకుని, రేణుకమ్మ అటు తిరగగానే పెరట్లో ఉమ్మేస్తున్నాను. నీ జవాబులో ఈ సంగతి ఎత్తకు. నేను లేనప్పుడు ఉత్తరం వస్తే రమాకాంత్ చదివి ఆమెకు వినిపిస్తాడు.

ఇట్లు,
నీ బాపు,
కె. అంజిలయ్య,
కంట్రోలర్

తా.క.: నా వణుకు రోగం ముందుముందు ఎట్లా ఉంటుందని డాక్టర్‌ను అడిగాను. ఇది తగ్గేది కాదు, ఏటేటా పెరిగేదే, గోలీలు కూడా కొన్నేళ్లకు ఆపలేవు అన్నాడు. రేణుకమ్మ వెనక నిలబడి విని ఏడ్చింది. ఆమెను ఊరడిస్తూనే ఉన్నాను గానీ, బిడ్డా, డాక్టర్ ఆ మాట అనగానే నాకు మొదట తోచింది వేరు. అట్లయితే మహేశ్వర్‌కు ఇంకా మంచిగా తెలుస్తుంది కదా అనుకున్నాను.